ఐదు మీటర్ల దగ్గర ఎనిమిది నిమిషాలు

"వస్తున్నాడు," అంది వదిన.

నేను డైవింగు సిలిండర్లలో గాలి నింపుతున్నాను. కంప్రెసరు మోతలో మాట వినపడలేదు గానీ, ఆమె మొహం చూసి మోటారు ఆపేశాను. రిసార్టు రిసెప్షన్ నుంచి బుకింగుల కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఒకే ఆఫీసు వాళ్ళు ఎనిమిది మంది, ఏడు రోజులు. మొదటి పేరు మీద గోరు పెట్టి ఎంత గట్టిగా నొక్కిందంటే అక్కడ కాగితానికి చిల్లు పడింది.

"అతనేనా? అదే పేరు ఇంకొకరికి ఉండకూడదా?"

"ఫోన్లో మాట్లాడింది నేనే కదే. 'మీ దీవికి నేను కొత్తవాణ్ణి కాదమ్మా, అక్కడ నాకో పెద్ద కథ ఉంది' అన్నాడు. నవ్వుతూ అన్నాడు." వదిన కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టింది. "కథట!"

మా ఇంట్లో ఆ పేరు ఎవరం పలకం. మాకు అతను కెమెరా. నీళ్ళలోకి దిగితే చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఒక పెద్ద కెమెరా పట్టుకుని దిగేవాడు. రెండేళ్ళ కిందట, నేనింకా వేరే ఊళ్ళో గైడు పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఈ రిసార్టులో అతన్ని డైవుకి తీసుకెళ్ళింది మా అన్నయ్య, అప్పట్లో ఇక్కడి గైడులందరికీ పెద్ద. ఇక్కడ సముద్రంలో ఒక పగడపు గోడ ఉంది. మేడ మీంచి కిందికి చూసినట్టు నిట్టనిలువుగా దిగిపోతుంది. ముప్పై మీటర్లు దాటి గెస్టులెవరూ పోకూడదు. కెమెరా ఒక తాబేలు ఫోటో కోసం దాని వెనకే పోయాడు. అన్నయ్య వెంటపడి నలభై ఏడు మీటర్ల దగ్గర పట్టుకున్నాడు. అప్పుడు తను ఎక్కడున్నాడో చూసుకుని కెమెరా బెదిరిపోయాడు. ఒంటిమీది జాకెట్టులోకి గాలంతా ఒక్కసారి వదిలేసుకుని, బుడగలా పైకి లేచాడు. అన్నయ్య అతని కాలు వదల్లేదు. వేగం తగ్గిస్తూ, లాగుతూ, పైదాకా కూడా వచ్చాడు.

అంత లోతు నుంచి అంత వేగంగా వస్తే, ఒంట్లో కలిసిన గాలి నెత్తుట్లో బుడగలు కడుతుంది. కెమెరాకి కాస్త ముక్కులోంచి రక్తం కారింది, అంతే. అన్నయ్యకి అది ఆ రోజు మూడో డైవు, ఒంట్లో అప్పటికే చాలా గాలి కలిసి ఉంది. ఎడమ కాలు పూర్తిగా, కుడి కాలు సగం చచ్చుబడిపోయాయి.

ఆ తర్వాత కెమెరా ఒక ఉత్తరం రాశాడు. గైడే తనను లోతుకు తీసుకెళ్ళాడనీ, అక్కడ గైడుకి మతి తప్పిందనీ, తనే అతన్ని పైకి లాక్కొచ్చాననీ. లోతు నమోదయ్యే తన చేతి కంప్యూటరు సముద్రంలో పడిపోయిందన్నాడు. అన్నయ్య అప్పుడు ఆసుపత్రి మంచం మీద పళ్ళు బిగించుకుని ఉన్నాడు. అతన్ని ఎవరైనా అడిగేసరికే విచారణ ముగిసింది. గైడుల సంఘం అన్నయ్య గైడు కార్డు రద్దు చేసింది. రిసార్టు వాళ్ళు దయతలిచి, వెనక గదిలో పరికరాలు బాగుచేసే పని ఇచ్చారు. కాళ్ళు పోయినందుకు మా అన్నయ్య ఒక్కరోజు ఏడవలేదు. రిసార్టు ఆఫీసు గోడ మీంచి తన కార్డు తీసేసిన రోజు మాత్రం వదిన అతన్ని చాలాసేపు ఒంటరిగా వదిలేయాల్సొచ్చింది.

ఇప్పుడు ఆ పెద్దమనిషి తన బలగంతో సెలవులు గడపడానికి వస్తున్నాడు.

*

అన్నయ్యకి చెప్పినప్పుడు అతను ఒక రెగ్యులేటరు విప్పి, పళ్ళెంలో వరసగా పేర్చుకుంటున్నాడు. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే ఆ మూతిలో ఎన్ని చిన్న చిన్న ముక్కలుంటాయో విప్పినవాళ్ళకే తెలుసు.

"గెస్టు," అన్నాడు తలెత్తకుండా. "వస్తాడు, మునుగుతాడు, పోతాడు."

"నువ్వెలా ఊరుకుంటావు అన్నయ్యా?"

"ఊరుకోక? లేచి తరుముకోమంటావా?"

గోడకి ఆనించిన రెండు ఊతకర్రల వైపు చూసి తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వదిన నవ్వలేదు సరికదా, ఆ రోజు నుంచి నిలువెల్లా మండిపోతూ తిరిగింది. మా రెండు గదుల ఇల్లు రిసార్టు దుప్పట్లు ఉతికే చోటికి వెనక ఉంటుంది. ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి మేమిద్దరం కారాలు మిరియాలు నూరాం.

"గదిలో ఏసీ పనిచెయ్యకుండా చేస్తాను. పొద్దున్నే నాలుగింటికి 'లేపమన్నారు కదండీ' అని ఫోన్ చేస్తాను. కాఫీలో ఉప్పు వేయిస్తాను."

"దానివల్ల ఏమవుతుంది వదినా? ఇంటికెళ్ళి రిసార్టు బాలేదని చెప్తాడు. అంతే."

"అయితే నువ్వేం చేస్తావు?"

"అతని గుంపుకి గైడుగా నేను వెళ్తాను."

వదిన చేతిలో ఉన్న దుప్పటి మడత పెట్టడం ఆపి నా వైపు చూసింది.  "మేనేజరుకి నేను చెప్తాలే," అంది. మేనేజరు నిరుడు కొత్తగా వచ్చినవాడు, పాత సంగతులు అతనికి తెలీవు.

*

ఆరు వారాల తర్వాత వాళ్ళు దిగారు. ఆఫీసు పెద్ద కెమెరాయే. మిగతా ఏడుగురూ అతని కింద పనిచేసేవాళ్ళు. అందర్లోకీ చిన్నది ఒక కళ్ళజోడు అమ్మాయి, ఉద్యోగంలో చేరి మూడు నెలలు. కెమెరా పెట్టె మోసే పని ఆమె నెత్తిన పడింది. అతను వెనక్కి చూడకుండా చెయ్యి చాపితే, అందులో కెమెరా ఉండాలి.

పరికరాలు సరిచూసే రోజు మధ్యాహ్నం అందర్నీ వరండాలో కూచోబెట్టి, నేను ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూచుని ఈదేందుకు కాళ్ళకి వేసుకునే ఫిన్స్ తొడిగి చూస్తున్నాను. వరండా వెనక కిటికీ. కిటికీ లోపల అన్నయ్య పనిచేసుకునే బల్ల. మధ్యలో ఒక పల్చని తెర.

"ఆ గోడ దగ్గరే జరిగింది," అని మొదలుపెట్టాడు కెమెరా. వాళ్ళు ముందే విన్న కథ కాబోలు, ఒకరిద్దరు తలలు ఊపారు. "గైడు కిందికి పోతూనే ఉన్నాడు. రమ్మంటాడు. నేను వద్దంటాను. చివరికి చూస్తే మనిషి స్పృహలో లేడు. అక్కడ వదిలేసి నా దారి నేను చూసుకోవచ్చు కదా? మనసొప్పలేదు. మెడపట్టి పైకి లాక్కొచ్చాను. ఈ ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారుతోంది."

"తర్వాత అతనేమయ్యాడు సార్?" అంది కళ్ళజోడు.

"ఏమో. ఎక్కడో ఉండే ఉంటాడు. బతికించాను కదా, అది చాలు."

ఆ సమయానికి నేను పట్టుకున్నది అతని కాలే. లావుపాటి తెల్లటి పాదం. తొడుగు ఎక్కించి పట్టీ బిగించాను. "బిగువుగా ఉందా సార్?" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది, అంత మామూలుగా ఉంది.

"సరిపోయిందమ్మాయ్. నువ్వు కొత్తా ఇక్కడ?"

"అవును సార్."

తెర వెనక స్పానరు పళ్ళెంలో పడిన చప్పుడైంది. అంతకుమించి ఏ చప్పుడూ లేదు.

సాయంత్రం నేను వెళ్ళేసరికి అన్నయ్య ముందు కెమెరా సొంత రెగ్యులేటరు ఉంది. సర్వీసుకని అతనే ఇచ్చాడట. వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒక్క స్క్రూ వదులు చెయ్యి," అంది. "ఒక్కటి. ఎవరికీ తెలీదు."

అన్నయ్య ఆమె వైపు చూసిన చూపుకి వదిన నోరు మూతపడింది. అతను ఒక రబ్బరు వాషరు తీసి నాకు చూపించాడు. "అరిగిపోయింది. లోతులో గాలి కారేది. మార్చాను."

"నేనైతే మార్చేదాన్ని కాదు."

"అందుకే నీ చేతికివ్వలేదు," అన్నాడు.

*

మొదటి మూడు రోజులూ అతన్ని చదివాను. నీళ్ళలో మనిషి దాక్కోలేడు. గాలి ఎక్కువ పీలుస్తాడు. గాలి ఎంత మిగిలిందో చెప్పే గేజీ చూసుకోడు. గుంపులో ఉండడు. ఫోటో దొరికిందంటే తోడు వచ్చినవాళ్ళు బతికున్నారో చచ్చారో పట్టదు. రెండేళ్ళలో ఏమీ మారలేదు. ఒకడి కాళ్ళు పోయినా ఇతనికి ఒక్క అలవాటు పోలేదు.

మూడో రోజు పడవలో తిరిగొస్తుంటే నా పక్కకొచ్చి కూచుని, తీసిన ఫోటోలు చూపించాడు. "ఇవన్నీ అందరి దగ్గరా ఉన్నవేనమ్మాయ్. ఎవరి దగ్గరా లేనిది ఒకటి కావాలి."

నేను ఒకసారి చుట్టూ చూశాను. తర్వాత, మిగతావాళ్ళకి వినపడకుండా అన్నాను. "గోడ అడుగున ఒక గుహ ఉంది సార్. అందులో సొర నిద్రపోతుంటుంది. లారీ అంత ఉంటుంది."

"ఎంత లోతులో?"

"నలభై దాటాక. అందుకే ఎవర్నీ తీసుకెళ్ళం."

"నువ్వు చూశావా?"

"ఒక్కసారి."

అక్కడ గుహ లేదు. గోడ, దాని కింద ఇసుక, అంతే. ఆ మాట చెప్పి నేను నీళ్ళ వైపు తిరిగిపోయాను. తర్వాత రెండు రోజులూ దాని ఊసెత్తలేదు. ఎత్తాల్సిన పని లేకపోయింది. భోజనాల దగ్గర, పడవలో, మెట్ల మీద, అతనే వచ్చి అడిగేవాడు. గుహ మూతి ఎటువైపు? లైటు వేస్తే కదులుతుందా? ప్రతిసారీ "వద్దు సార్, అది ప్రమాదం" అన్నాను. ఆ మాటకి అతని కళ్ళు మెరిసేవి.

నేనేం చెయ్యాలనుకున్నానో ఉన్నదున్నట్టు చెప్తాను. ఏమీ చెయ్యకూడదనుకున్నాను. అతను దిగుతాడు. మా అన్నయ్య వెళ్ళినట్టు నేను వెంట వెళ్ళను. అంతే నా పథకం. చెయ్యి ఎత్తక్కర్లేదు, స్క్రూ వదులు చెయ్యక్కర్లేదు.

*

ఆరో రోజు పొద్దున గోడ దగ్గర దిగాం. మాతో ఇంకో గైడు ఉన్నాడు, అన్నయ్యకన్నా పెద్దవాడు, నేను బాబాయ్ అంటాను. ఆరుగురు ఆయనతో. కెమెరా, కళ్ళజోడు నాతో.

ఇరవై అయిదు మీటర్ల దగ్గర అందరం గోడ పక్కన వేలాడుతున్నాం. నీళ్ళు తేటగా ఉన్నాయి. కెమెరా ఒకసారి నా వైపు చూశాడు, ఒకసారి కిందికి చూశాడు. లైటు వెలిగించుకుని తల కిందికి పెట్టి దిగడం మొదలుపెట్టాడు.

నేను కదల్లేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎందుకు లెక్కపెడుతున్నానో తెలీదు. ఇరవై. అతని ఫిన్స్ చిన్నవయ్యాయి. నలభై. లైటు మాత్రమే కనపడుతోంది. నా చెవుల్లో నా ఊపిరే, తాపీగా, క్రమంగా. ఇంత ప్రశాంతంగా నేను ఎప్పుడూ డైవు చెయ్యలేదు.

కళ్ళజోడు నా భుజం తట్టింది. కిందికి వేలు చూపించి, రెండు చేతులూ చాపింది: వెళ్ళవా? నేను అర్థం కానట్టు చూశాను. ఆమె ఇంకోసారి చూపించింది. నేను ఇంకోసారి చూశాను. అప్పుడా పిల్ల, లెక్కపెట్టి పదిహేను డైవులైనా చెయ్యని పిల్ల, తల కిందికి వంచి అతని వెనక తన్నుకుంటూ దిగసాగింది.

మూడు తన్నుల్లో ఆమె ఫిన్ దొరకబుచ్చుకున్నాను. పైకి లాగి, తిప్పి, బాబాయ్ వైపు తోశాను. ఆమె బాబాయ్ చేతికి అందేదాకా చూసి, దిగాను.

నలభై ఒకటి దగ్గర ఉన్నాడు. గోడంతా లైటు వేసి వెతుక్కుంటున్నాడు. నన్ను చూసి సంతోషంగా చెయ్యి ఊపి, అరచెయ్యి తిప్పాడు: ఏదీ? ఎక్కడ? అతని గేజీలో ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది. నేను జాకెట్టు పట్టీ పట్టుకుని పైకి లాగితే, గింజుకుని ఇంకా గోడ వైపు చూస్తున్నాడు.

పన్నెండు మీటర్ల దగ్గర అతని గాలి అయిపోయింది. ఆ క్షణం నాకు అద్దంలోంచి బాగా కనపడింది. పీల్చాడు, రాలేదు. మళ్ళీ పీల్చాడు. కళ్ళు రెండింతలయ్యాయి. గైడు దగ్గర అదనంగా ఇంకో మూతి ఉంటుంది, మన సిలిండరు నుంచే. అది అతని నోట్లో పెట్టాను. రెండు చేతులతో నన్ను పట్టుకుని పీల్చుకున్నాడు.

ఐదు మీటర్ల దగ్గర ఆగాం. పడవ నుంచి దించిన తాడు పట్టుకుని, ఒంట్లో గాలి మెల్లగా పోయేదాకా అక్కడే వేలాడాలి. నా కంప్యూటరు ఎనిమిది నిమిషాలు చూపించింది. బాబాయ్ అయిదుగుర్ని పైకి పంపేసి, కళ్ళజోడుతో, ఇంకొకాయనతో అదే తాడు పట్టుకుని మా కోసం చూస్తున్నాడు.

నీళ్ళలో మాట్లాడలేం కాబట్టి గైడులందరం నడుముకి ఒక ప్లాస్టిక్ పలక, పెన్సిలు కట్టుకుంటాం. నేను పలక తీశాను. రాశాను.

'రెండేళ్ళ కిందట. ఇదే గోడ. ముందు కిందికి వెళ్ళింది ఎవరు?'

దాని కింద ఇంకో వరస. 'ఆ గైడు మా అన్నయ్య.'

చదివాడు. మళ్ళీ చదివాడు. తల అడ్డంగా ఊపాడు. పైకి వేలు చూపించాడు, పోదాం అని. నేను కంప్యూటరు చూపించాను. ఇంకా ఆరు నిమిషాలు. పెన్సిలు అతని ముందు పెట్టాను.

ఇక్కడ జరిగింది జాగ్రత్తగా చెప్పాలి. నా ఎడమ చెయ్యి అతని పట్టీ మీద ఉంది. కుడి చెయ్యి అతను పీలుస్తున్న గొట్టం మీద ఉంది. ఆ గొట్టాన్ని నేను లాగలేదు. లాగుతానని సైగ కూడా చెయ్యలేదు. కానీ చెయ్యి తియ్యలేదు. అతను పలక చూశాడు, నా చెయ్యి చూశాడు, నా కళ్ళు చూశాడు. నా కళ్ళల్లో ఏం కనపడిందో నాకు తెలీదు.

పెన్సిలు తీసుకుని రాశాడు. 'నేను.'

నేను కింద రాశాను: 'పైకి తెచ్చింది?'

'అతను.'

పలకని తాడు వైపు తిప్పి పట్టుకున్నాను. కళ్ళజోడు చదివింది. పక్కనున్నాయన చదివాడు. బాబాయ్ చదివి కళ్ళు మూసుకున్నాడు. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి. ఎవరూ ఎక్కడికీ పోలేరు. అయిదుగురం ఒకే తాడుకి వేలాడుతూ, ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ గడిపాం. నా బతుకులో అంత తియ్యటి నాలుగు నిమిషాలు ఇంకెప్పుడూ లేవు.

*

పడవెక్కగానే మాస్కు పీకేసుకుని అరిచాడు. "ఈ పిల్ల నన్ను బెదిరించింది! గాలి అందక ఏం రాశానో నాకే తెలీదు!"

 కళ్ళజోడు తల తుడుచుకుంటూ మెల్లగా అంది. "గాలి అందింది కదా సార్. ఆవిడ సిలిండర్లోదే కదా పీల్చారు."

"నీకేం తెలుసు? నువ్వు నోర్ముయ్!"

"మీ వెనక నేను దిగబోయాను సార్. మీరు నన్ను చూడలేదు."

అతను మొహం తిప్పుకుని, అలవాటుగా కెమెరా పట్టుకున్న చెయ్యి పక్కకి చాపాడు, ఎవరో ఒకరు అందుకుంటారని. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి తనే ఒళ్ళో పెట్టుకున్నాడు.

పడవలు ఆగే చెక్క వంతెన చివర అన్నయ్య కుర్చీలో కూచుని ఉన్నాడు. ఏ డైవు నుంచి వచ్చినా రెగ్యులేటర్లు తనే దింపుకుంటాడు. కెమెరా నిచ్చెన ఎక్కుతూ అతన్ని చూసి, రెండు మెట్లు మిగిలుండగానే ఆగిపోయాడు. బాబాయ్ ముందుగా దూకి, అన్నయ్య చెవిలో లోతు, నిమిషాలు చెప్పాడు.

నేను పలక ఎత్తి పట్టుకున్నాను. అన్నయ్య దాన్ని చూడలేదు. "భుజాల్లో నొప్పిగా ఉందా సార్?" అని అడిగాడు. "కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా? వేళ్ళు కదిలించండి. పడుకోండి ఇక్కడ." ఆక్సిజన్ తెప్పించి, మాస్కు అతని మొహానికి తనే పెట్టి, పట్టీ చెవుల వెనక సర్దాడు. కెమెరా కళ్ళు మూసుకున్నాడు. ఆ చేతుల కింద అంతకన్నా చేసేదేమీ లేకపోయింది.

అప్పుడు పలక తీసుకున్నాడు. చదివాడు. 'అతను' అన్న మాటని బొటనవేలితో ఒకసారి తడిమాడు. ఎన్ని రోజులుగా ఆ క్షణం కోసం ఎదురుచూశానో! వదిన పరిగెత్తుకుంటూ వచ్చి, అతని భుజం మీంచి చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నలభై ఒకటికి ఎందుకు దిగారు?" అన్నాడు అన్నయ్య.

మాస్కు వెనక నుంచి కెమెరా గొణిగాడు. "గుహ... సొర... ఈ అమ్మాయే చెప్పింది."

అన్నయ్య తలెత్తి నన్ను చూశాడు. ఆ గోడలో ప్రతి పగులూ అతనికి తెలుసు.

"అక్కడ గుహ లేదు కదే," అన్నాడు, చాలా మెల్లగా.

*

కెమెరా మరుసటి రోజు మొదటి పడవలో ఒక్కడే వెళ్ళిపోయాడు. సామాను ఎవరూ మొయ్యలేదు. మిగతా ఏడుగురూ సెలవు పూర్తిచేసుకున్నారు. వెళ్ళేముందు కళ్ళజోడు రిసెప్షన్‌కి వచ్చి వదినని తెల్లకాగితాలు అడిగింది. అక్కడే నిలబడి, అతను వరండాలో చెప్పిన కథ, పలక మీద రాసింది, అంతా నాలుగు పేజీలు రాసి సంతకం పెట్టింది. పక్కనున్నాయనా పెట్టాడు. బాబాయ్ పెట్టాడు. వదిన దాన్ని తనే తీసుకెళ్ళి గైడుల సంఘంలో ఇచ్చి, రసీదు లేకుండా కదలనని భీష్మించుకు కూచుంది.

నెల తిరిగాక కళ్ళజోడు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆఫీసులో ఇప్పుడతను కథలు చెప్పడం మానేశాడట. ఎవరు చేస్తున్నారో తెలీదు గానీ, వారానికోసారి అతని బల్ల మీద ఒక చీటీ కనపడుతోందట, 'నేను' అని రాసి. వదిన ఆ వాక్యం మూడుసార్లు పైకి చదివింది. మేమిద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. అన్నయ్య కంచంలోంచి తలెత్తలేదు.

ఆ నెలంతా అతను నాతో పని మాటలే మాట్లాడాడు. "ఆరో సిలిండరు." "ఆ రబ్బరు ఇలా ఇవ్వు." అంతకుమించి లేదు. కార్డు తిరిగొచ్చింది. కింద 'విచారణలో పొరపాటు జరిగింది' అని రెండు ముక్కల ఉత్తరం. వదిన మేకు కొట్టి కార్డు గోడకి తగిలించింది. రెండేళ్ళ తర్వాత అన్నయ్య మళ్ళీ ఈ రిసార్టు గైడులందరికీ పెద్ద. దిగలేడు, కానీ దిగేవాళ్ళ రిపోర్టులు అతనే రాసి సంతకం పెట్టాలి.

సీజన్ ముగిసింది. గాలి మారింది, పడవలు ఒడ్డుకి లాగేశాం. ఆ మధ్యాహ్నం నన్ను వెనక గదిలోకి పిలిచాడు. ముందు ఒక ఫారం ఉంది. చదివి వినిపించాడు. ఫలానా గైడు, గెస్టుకి లేని గుహ ఉందని చెప్పి, హద్దు దాటి దిగేలా ఉసిగొల్పింది. తర్వాత, ఆ గెస్టు తన గాలి మీద ఆధారపడి ఉన్న సమయంలో అతని చేత రాయించుకుంది. ఈ గైడు కార్డు ఆపాలి.

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత ఒళ్ళంతా వేడెక్కింది.

"నీ కార్డు తిరిగొచ్చాక పెట్టే మొదటి సంతకం ఇదా? ఎవరి కోసం చేశాననుకున్నావు?"

"నా కోసమే. తెలుసు." గొంతు పెంచలేదు. "ఇంకెవరు రాసినా నవ్వేసి వదిలేస్తారు. బాబాయ్ అయితే నిన్ను మెచ్చుకుంటాడు. అందుకే నేను రాస్తున్నాను."

"అతనికి జరిగింది చాలా తక్కువని నా బాధ."

"అదీ తెలుసు." పెన్ను బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. "ఒక్కటే నాకు తెలీదు. ఆ కళ్ళజోడు పిల్ల కదలకపోయుంటే నువ్వు దిగేదానివా?"

అబద్ధం చెప్పడం ఎంత సులువో. దిగేదాన్నే అంటే నమ్మేవాడు, నమ్మాలని ఉంది ఆ మొహంలో. కార్డు రద్దయిన రోజు కూడా అన్నయ్య అంత ఒంటరిగా కనపడలేదు నాకు.

"లేదు," అన్నాను.

 అన్నయ్య ఫారం నా వైపు తిప్పి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. "అయితే ఆ ముక్క నువ్వే రాయి. నా చేత్తో నేను రాయలేను."

రాశాను. రెండు వరసలు. ఆ రెండు వరసలకే నా కార్డు రెండేళ్ళు ఆపేశారు. నాకు కెమెరా మీద ఇప్పటికీ జాలి లేదు, చేసినదానికి పశ్చాత్తాపమూ లేదు. రాసినందుకూ లేదు.

అన్నయ్య చదివి, కింద సంతకం పెట్టి, కాగితం కవర్లో పెట్టాడు. ఊతకర్రలు అందుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"నువ్వు దిగేదానివి కాదన్న సంగతి మీ వదినకి చెప్పకు," అన్నాడు. "నిన్ను తను కన్నకూతురిలా చూస్తుంది. తట్టుకోలేదు."

"వదినకి ఆ రోజే చెప్పాను అన్నయ్యా."

"ఏమంది?"

"'మరెందుకు దిగావే?' అంది."

 బయట దుప్పట్ల మధ్యలోంచి వదిన అన్నానికి పిలుస్తోంది, మమ్మల్నిద్దర్నీ కలిపి. అతను గుమ్మంలోనే నిలబడి, ఆ గొంతు ఎవరిదో కొత్తగా వింటున్నట్టు, చాలాసేపు విన్నాడు.